విశ్వవిద్యాలయ నిర్వహణలో సమీకృత సమాచార వ్యవస్థలు

5.1 విషయ పరిచయం

దూరవిద్యలో చేరిన రోజు నుంచి పట్టా అందుకునే రోజు వరకు విశ్వవిద్యాలయం మీ గురించి ఎన్నో వివరాలు నమోదు చేస్తుంది. దరఖాస్తులో పేరు, పుట్టిన తేదీ, అంతకుముందు చదివిన చదువు ఉంటాయి. తర్వాత మీరు కట్టిన ఫీజు, ఎంచుకున్న సబ్జెక్టులు, మాధ్యమం, అధ్యయన కేంద్రం నమోదవుతాయి. ఆపైన హాల్ టికెట్, మార్కులు, మెమో. ఇవన్నీ ఒకే విద్యార్థికి చెందిన వివరాలే అయినా, అవి ఉండేది మాత్రం ఒకే చోట కాదు. ప్రవేశాల విభాగం, ఆర్థిక విభాగం, పుస్తకాల పంపిణీ విభాగం, పరీక్షల విభాగం ఎవరి రికార్డు వారు నిర్వహించుకోవడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఈ రికార్డులను ఒకదానితో ఒకటి అనుసంధానించి, విశ్వవిద్యాలయం మొత్తం ఒకే సమాచారం ఆధారంగా పనిచేసేలా చేసే ఏర్పాటును సమీకృత సమాచార వ్యవస్థ అంటారు.

నిర్వహణ సమాచార వ్యవస్థ అంటే ఏమిటో గత యూనిట్‌లో తెలుసుకున్నారు. ఆ భావనను ఈ యూనిట్‌లో విశ్వవిద్యాలయానికి అన్వయించి చూద్దాం. ఈ విషయం గురించి రాసే చాలా పుస్తకాలు సాఫ్ట్‌వేర్ దగ్గర మొదలుపెడతాయి. మనం అలా చేయడం లేదు. ఏ వివరానికి ఎవరు బాధ్యులు అన్న ప్రశ్న తేలకుండా ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నా ప్రయోజనం ఉండదు. అందువల్ల ముందు ఆ ప్రశ్ననే పరిశీలిద్దాం.

5.2 కంప్యూటర్లు ఉన్నా కలవని రికార్డులు

ఒక విద్యార్థినిని ఊహించుకోండి. ఆమె డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. పరీక్ష ఫీజు ఆన్‌లైన్‌లో కట్టింది, రసీదు వచ్చింది. పరీక్షలకు వారం రోజుల ముందు హాల్ టికెట్ కోసం చూస్తే, ఫీజు బకాయి ఉందన్న సందేశం కనిపించింది. అధ్యయన కేంద్రంలో అడిగితే ప్రధాన కార్యాలయానికి వెళ్లమన్నారు. ఒక రోజు కూలి మానుకుని, బస్సెక్కి, రసీదు జిరాక్స్ పట్టుకుని వెళ్లింది. ఆర్థిక విభాగంలో ఆమె ఫీజు చేరినట్లే ఉంది. పరీక్షల విభాగం జాబితాలో మాత్రం చేరలేదు. కారణం చాలా చిన్నది. బ్యాంకు నుంచి వచ్చిన జాబితాలో ఆమె పేరు ఇంటిపేరుతో మొదలైంది, పరీక్షల జాబితాలో ఇంటిపేరు చివర ఉంది. రెండు జాబితాలనూ పేరు ఆధారంగా సరిపోల్చిన ప్రోగ్రాం వాటిని ఇద్దరు వేర్వేరు మనుషులుగా లెక్కించింది.

ఇక్కడ ఏ విభాగమూ తన వరకు తప్పు చేయలేదు. రెండు చోట్లా కంప్యూటర్లు ఉన్నాయి, రెండు చోట్లా రికార్డు పద్ధతిగానే ఉంది. లోపమంతా ఆ రెండింటి మధ్య ఉన్న ఖాళీలో ఉంది. ఆ ఖాళీని పూరించే పని విద్యార్థిని మీద పడింది. ఆమె చేతిలోని కాగితమే ఒక సెక్షన్ నుంచి మరో సెక్షన్‌కు సమాచారాన్ని మోసుకువెళ్లింది. ఇలా విడివిడిగా ఉండిపోయిన రికార్డులను సమాచార ద్వీపాలు అని వ్యవహరిస్తారు. కంప్యూటరీకరణకూ సమీకరణకూ ఉన్న తేడా ఇదే. చేతితో రాసే రిజిస్టరును యథాతథంగా కంప్యూటరులోకి ఎక్కిస్తే అది కంప్యూటరీకరణ. ఒక రిజిస్టరులో నమోదైన విషయం మిగతా రిజిస్టర్లకు మళ్లీ రాయకుండానే తెలిస్తే అది సమీకరణ.

పేర్ల విషయం కొంచెం వివరంగా చూడాలి. తెలుగువారి పేర్లు ఈ సమస్యకు పుట్టిల్లు లాంటివి. ఇంటిపేరు ముందు రాయడం మన సంప్రదాయం, చివర రాయమని కొన్ని దరఖాస్తులు అడుగుతాయి. కొందరు ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదిస్తారు. లక్ష్మి అన్న పేరును ఇంగ్లీషులో కనీసం మూడు రకాలుగా రాసేవారున్నారు. పెళ్లి తర్వాత ఆధార్‌లో ఇంటిపేరు మార్చుకున్న మహిళలకు పదో తరగతి మెమోలో పాత ఇంటిపేరే ఉంటుంది. మధ్యలో చదువు ఆపి ఏళ్ల తర్వాత దూరవిద్యలో చేరేవారిలో ఇటువంటి వారు ఎక్కువ. అందుకే పేరును గుర్తింపుగా వాడే ఏ వ్యవస్థ అయినా ఎక్కడో ఒకచోట తడబడుతుంది. అడ్మిషన్ నంబరు వంటి మారని సంఖ్యను గుర్తింపుగా తీసుకుని, పేరును కేవలం ఒక వివరంగా చూడాలి.

అభ్యాసం: మీ పదో తరగతి మెమో, ఆధార్ కార్డు, విశ్వవిద్యాలయ గుర్తింపు కార్డు, బ్యాంకు పాస్ పుస్తకం పక్కపక్కన పెట్టండి. నాలుగింటిలో మీ పేరు ఒకే విధంగా ఉందా? తేడా ఉంటే, ఏ ఏ పనుల్లో అది ఇబ్బంది కలిగించవచ్చో మీ నోట్‌బుక్‌లో రాయండి.

5.3 ఒక వివరం, ఒకే చోటు, ఒకే బాధ్యుడు

ఐ.బి.ఎం. సంస్థలో పరిశోధకుడైన ఇ.ఎఫ్. కాడ్ 1970లో ప్రతిపాదించిన రిలేషనల్ నమూనా నేటి డేటాబేసులలో అత్యధిక భాగానికి పునాది. దాని నుంచి మనకు కావలసిన సూత్రం ఒకటి ఉంది. ఒక వివరాన్ని ఒకే చోట ఉంచాలి, మిగతా చోట్ల దానిని సూచించే సంఖ్యను మాత్రమే ఉంచాలి. మీ చిరునామా నాలుగు జాబితాలలో ఉంటే, మీరు ఇల్లు మారినప్పుడు నాలుగింటినీ సవరించాలి. మూడు సవరించి ఒకటి మరిచిపోతే, మీ పుస్తకాల పార్శిల్ పాత ఇంటికి వెళుతుంది. చిరునామా ఒకే చోట ఉండి, మిగతా మూడు విభాగాలూ అక్కడి నుంచే చదువుకుంటే మరిచిపోయే అవకాశమే ఉండదు.

కర్మాగారాలలో ముడిసరుకు, ఉత్పత్తి, అమ్మకాలు, జీతాలు, ఖాతాలు అన్నింటినీ ఒకే వ్యవస్థలోకి తెచ్చిన సాఫ్ట్‌వేరుకు 1990లో గార్ట్‌నర్ సంస్థ ఎంటర్‌ప్రైజ్ రిసోర్స్ ప్లానింగ్ అన్న పేరు పెట్టింది. దీనినే క్లుప్తంగా ఇ.ఆర్.పి. అంటారు. ఆ దశాబ్దంలోనే విశ్వవిద్యాలయాలు కూడా దీనివైపు చూడటం మొదలుపెట్టాయి. అయితే కర్మాగారానికీ విశ్వవిద్యాలయానికీ పోలిక కొంతవరకే. కర్మాగారంలో పైనుంచి వచ్చిన ఉత్తర్వు కిందిదాకా అమలవుతుంది. విశ్వవిద్యాలయంలో శాఖలు, పాఠ్య మండళ్లు, పరీక్షల నియంత్రణాధికారి కార్యాలయం ఒక్కొక్కటీ తమ పరిధిలో స్వతంత్రంగా నడుస్తాయి. మార్కుల గోప్యత వంటి విషయాలలో ఆ స్వతంత్రత అవసరం కూడా. కాబట్టి ఇక్కడ సమీకరణ అంటే అన్నిటినీ ఒకే అధికారి చేతిలో పెట్టడం కాదు. ఏ వివరానికి ఏ విభాగం యజమాని అన్నది తేల్చి, మిగతావారు దానిని చదవగలరే గాని మార్చలేరు అన్న నియమం పెట్టుకోవడం.

ఉదాహరణకు పుట్టిన తేదీకి ప్రవేశాల విభాగం బాధ్యత వహిస్తుంది, ఎందుకంటే మూల ధ్రువపత్రాన్ని పరిశీలించేది వారే. ఫీజుకు ఆర్థిక విభాగం, మార్కులకు పరీక్షల విభాగం బాధ్యులు. మరి చిరునామాకు, ఫోను నంబరుకు? వీటికి విద్యార్థే యజమాని కావాలి. విద్యార్థి స్వయంగా లాగిన్ అయి మార్చుకోగల వివరం కోసం అర్జీ రాయించి, దానిని మూడు టేబుళ్ల మీదుగా తిప్పడం వల్ల ఎవరికీ ప్రయోజనం లేదు.

యాజమాన్యం తేల్చినా మరో చిక్కు మిగులుతుంది. అది నిర్వచనాలది. "మన విశ్వవిద్యాలయంలో ఎంతమంది విద్యార్థులున్నారు?" అన్నది చాలా సులభమైన ప్రశ్నలా కనిపిస్తుంది. ప్రవేశాల విభాగం ఈ ఏడాది చేరినవారిని, అంతకుముందు చేరి ఇంకా గడువున్నవారిని కలిపి చెబుతుంది. ఆర్థిక విభాగం ఈ ఏడాది ఫీజు కట్టినవారిని చెబుతుంది. పరీక్షల విభాగం పరీక్షలకు నమోదు చేసుకున్నవారిని చెబుతుంది. మూడు సంఖ్యలూ వేరు, మూడూ నిజమే. మామూలు కళాశాలలో ఈ తేడా స్వల్పంగా ఉంటుంది. ఒక ఏడాది ఆగి మరో ఏడాది ఫీజు కట్టే వెసులుబాటు ఉన్న దూరవిద్యలో అది చాలా పెద్దది కావచ్చు. కేంద్ర ప్రభుత్వం 2010–11 విద్యాసంవత్సరం నుంచి నిర్వహిస్తున్న అఖిల భారత ఉన్నత విద్యా సర్వేకు ప్రతి సంస్థా ఒకే సంఖ్య పంపాలి. ఏ సంఖ్య పంపాలో ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు. అధికారులు కూర్చుని 'నమోదైన విద్యార్థి' అంటే ఎవరో ముందుగా రాసుకోవాలి.

5.4 నిర్వహణకు కలిగే మేలు

సార్వత్రిక విశ్వవిద్యాలయానికి ఇతర విశ్వవిద్యాలయాలకు లేని ఒక ప్రత్యేకత ఉంది. విద్యార్థి ప్రాంగణానికి రాడు. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా ప్రారంభమై, నేడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో కొనసాగుతున్న సంస్థ దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఈ తరహా సంస్థలు ప్రధాన కార్యాలయంతో పాటు వివిధ ప్రాంతాలలోని అధ్యయన కేంద్రాల మీద ఆధారపడి నడుస్తున్నాయి. తరగతి గదిలో ఎదురుగా కూర్చున్న విద్యార్థి గురించి అధ్యాపకుడికి కంటితో చూస్తేనే కొంత తెలుస్తుంది. దూరవిద్యలో విశ్వవిద్యాలయానికి విద్యార్థి గురించి తెలిసేది రికార్డు ద్వారా మాత్రమే. ఆ రికార్డు ముక్కలుగా ఉంటే విద్యార్థి కూడా ముక్కలుగానే కనిపిస్తాడు.

పాఠ్యపుస్తకాల ముద్రణను తీసుకోండి. దూరవిద్యా సంస్థ ఒక పెద్ద ప్రచురణ సంస్థ కూడా. ఏ సబ్జెక్టు, ఏ మాధ్యమంలో, ఎన్ని ప్రతులు అన్నది ముద్రణకు ఇచ్చే ముందే తెలియాలి. ప్రవేశాల వివరాలు ముద్రణ విభాగానికి చేరేసరికి ఆలస్యమైతే, గత ఏడాది సంఖ్య మీద పదో పరకో కలిపి అచ్చు వేయిస్తారు. ఫలితంగా ఒక సబ్జెక్టు పుస్తకాలు గోదాములో చెదలు పడుతుంటే, మరో సబ్జెక్టు విద్యార్థులు పరీక్షలు దగ్గరపడినా పుస్తకం అందక ఎదురుచూస్తుంటారు. సిలబస్ మారిన ఏడాది మిగిలిన ప్రతులు చిత్తు కాగితాల కింద పోతాయి. ప్రవేశ దరఖాస్తులో విద్యార్థి సబ్జెక్టును, మాధ్యమాన్ని ఎంచుకున్న క్షణమే ఆ అంకె ముద్రణ విభాగానికి, గోదాముకు, అధ్యయన కేంద్రానికి కనిపిస్తే ఈ నష్టంలో ఎక్కువ భాగం తగ్గుతుంది. ఇది రోజువారీ కార్యకలాపాల స్థాయిలో కలిగే మేలు.

మధ్యస్థాయి నిర్వహణలో అసలు ఉపయోగం మరోచోట ఉంది. చదువు మానేసే విద్యార్థి తాను మానేస్తున్నట్లు ఎవరికీ చెప్పడు. మొదట కౌన్సెలింగ్ తరగతులకు రావడం ఆగుతుంది, తర్వాత అసైన్‌మెంట్ అందదు, ఆ తర్వాత ఫీజు గడువు దాటుతుంది. ఈ మూడు సంకేతాలూ మూడు విభాగాలలో ఉంటే, మూడూ కలిసి ఏం చెబుతున్నాయో ఎవరికీ వినిపించదు. ఒకే తెరమీద కనిపిస్తే, అధ్యయన కేంద్రం సమన్వయకర్త ఆ విద్యార్థికి ఒక్క ఫోన్ చేయవచ్చు. అయితే ఫోన్ చేసే మనిషి, అందుకు సమయం ఉండాలి. సిబ్బందిని తగ్గించుకోవచ్చన్న ఆశతో మాత్రమే ఈ వ్యవస్థలను పెట్టే సంస్థలు ఈ ప్రయోజనాన్ని వదులుకున్నట్లే. ఉన్నతస్థాయిలో కొత్త అధ్యయన కేంద్రం ఎక్కడ పెట్టాలి, ఏ కోర్సు కొనసాగించాలి వంటి నిర్ణయాలకు కూడా ఇదే సమాచారం ఆధారమవుతుంది.

5.5 మన దేశంలో జరిగిన ప్రయత్నాలు

తెలంగాణలో 2016లో మొదలైన దోస్త్ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. డిగ్రీలో చేరడానికి ఒక్కో కళాశాలకు విడిగా దరఖాస్తు చేసే అవసరం లేకుండా, ఉస్మానియా, కాకతీయ మొదలైన విశ్వవిద్యాలయాల పరిధిలోని కళాశాలలన్నింటికీ ఒకే దరఖాస్తు ఉండేలా దీనిని రూపొందించారు. ఒకే విద్యార్థి మూడు కళాశాలల్లో సీటు తీసుకుని రెండింటిని ఖాళీగా వదిలివేసే పరిస్థితిని ఇది కట్టడి చేసింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2020–21 నుంచి డిగ్రీ ప్రవేశాలు ఆన్‌లైన్ పద్ధతిలోకి వచ్చాయి. అయితే ఇవి ప్రవేశాల దశకు పరిమితమైనవి. చేరిన తర్వాతి ప్రయాణాన్ని విశ్వవిద్యాలయమే చూసుకోవాలి.

ఆ అవసరం కోసం కేంద్ర విద్యా మంత్రిత్వ శాఖ ఆధ్వర్యంలో ఢిల్లీ విశ్వవిద్యాలయం సమర్థ్ అన్న వ్యవస్థను తయారుచేసింది. ప్రవేశాలు, ఫీజులు, పరీక్షలు, ఉద్యోగుల సేవా రికార్డు, జీతాలు, సెలవులు, దస్త్రాల కదలిక ఇలా 40కి పైగా మాడ్యూళ్లు ఇందులో ఉన్నాయి. సంస్థ తనకు కావలసిన వాటితో మొదలుపెట్టి, తర్వాత మిగతావి చేర్చుకోవచ్చు. ఒక విశ్వవిద్యాలయం సొంత అవసరాల నుంచి పుట్టడం దీని బలం.

విశ్వవిద్యాలయాల మధ్య సమీకరణకు ఉదాహరణ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్. యు.జి.సి. 2021 జులైలో దీని నిబంధనలు ప్రకటించింది. విద్యార్థి ఒక సంస్థలో సంపాదించిన క్రెడిట్లు 12 అంకెల గుర్తింపు సంఖ్య కింద జమ అవుతాయి, మరో సంస్థకు బదిలీ చేసుకోవచ్చు. చదువు మధ్యలో ఆపి తిరిగి చేరేవారికి ఇది ఎంతో ఉపయోగం. కాని విశ్వవిద్యాలయం లోపలి రికార్డులో ఉన్న పేరు, ఆధార్‌లోని పేరు సరిపోలకపోతే క్రెడిట్లు జమ కావు. లోపలి రికార్డు చక్కబడకుండా బయటి అనుసంధానం నిలబడదని దీనిని బట్టి అర్థం చేసుకోవచ్చు.

5.6 కేంబ్రిడ్జ్ అనుభవం

డబ్బు, పేరు, నిపుణులు అన్నీ ఉన్న సంస్థ కూడా ఈ పనిలో ఎలా దెబ్బతినగలదో చెప్పడానికి ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం మంచి ఉదాహరణ. అక్కడ పాత ఖాతాల పద్ధతి స్థానంలో ఒరాకిల్ సాఫ్ట్‌వేర్ ఆధారంగా క్యాప్సా అన్న కొత్త ఆర్థిక వ్యవస్థను 2000 ఆగస్టులో ప్రవేశపెట్టారు. పాత పద్ధతిలో డబ్బు చేతులు మారినప్పుడే ఖాతాలో నమోదయ్యేది. కొత్త పద్ధతిలో ఒక ప్రయోగశాల పరికరానికి ఆర్డరు ఇచ్చిన క్షణమే ఆ మొత్తాన్ని ఖర్చు కింద పక్కన పెట్టాలి. సూత్రప్రాయంగా ఇది మెరుగైన పద్ధతి. శాఖ దగ్గర నిజంగా ఎంత మిగిలి ఉందో ఎప్పుడైనా తెలుస్తుంది.

ఆచరణలో వ్యవస్థ నత్తనడక నడిచింది. శాఖలు తమ ఖాతాల నివేదికలు తీసుకోలేకపోయాయి. సరుకు సరఫరా చేసినవారికి చెల్లింపులు ఆలస్యమయ్యాయి. పరిశోధన గ్రాంట్ల లెక్కలు తేలక పరిశోధకులు ఇబ్బందిపడ్డారు. కోటి పౌండ్లకు అటూ ఇటూగా ఖర్చయిన ఈ వ్యవహారం మీద మైకేల్ షాటక్, ఆంథొనీ ఫింకెల్‌స్టైన్ విచారణ జరిపి 2001 నవంబరులో నివేదిక ఇచ్చారు. మొదటివారు విశ్వవిద్యాలయ నిర్వహణలో, రెండోవారు సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్‌లో నిపుణులు. ఇద్దరినీ నియమించడంలోనే సమస్య రెండు వైపులా ఉందన్న గుర్తింపు కనిపిస్తుంది. అవసరాలను ముందుగా స్పష్టంగా రాసుకోకపోవడం, వాడవలసిన శాఖల సిబ్బందిని తగినంతగా సంప్రదించకపోవడం, శిక్షణ చాలకపోవడం, ప్రాజెక్టుకు బాధ్యత ఎవరిదో తేలకపోవడం వంటి లోపాలను వారు ఎత్తిచూపారు. సాఫ్ట్‌వేరుతో పాటు విశ్వవిద్యాలయ పాలనా విధానం కూడా విమర్శకు గురైంది.

మన సంస్థలకు ఈ అనుభవం నుంచి నేరుగా పనికివచ్చే అంశం ఒకటుంది. కొత్త వ్యవస్థను ప్రారంభించిన రోజే పాతదానిని ఆపేయకూడదు. కనీసం ఒక పరీక్షల కాలం రెండింటినీ సమాంతరంగా నడిపి, ఫలితాలు సరిపోల్చాలి. ఆ కాలంలో సిబ్బందికి రెట్టింపు పని పడుతుంది. దానికి తగిన ఏర్పాటు బడ్జెట్‌లోనే ఉండాలి. ఇరవై ఏళ్లుగా రిజిస్టరు నడిపిన గుమస్తాకు ఎక్కడ ఏ మినహాయింపు ఉందో తెలుసు. ఆయనను మొదటి సమావేశానికే పిలవాలి.

5.7 తప్పు కూడా ప్రయాణిస్తుంది

సమీకృత వ్యవస్థలో సరైన వివరం ఎంత వేగంగా అన్ని చోట్లకూ చేరుతుందో, తప్పు వివరం కూడా అంతే వేగంగా చేరుతుంది. విశ్వవిద్యాలయానికి సంబంధించినది కాకపోయినా, 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలలో జరిగినది ఇక్కడ గుర్తుచేసుకోవాలి. తెలుగులో 99 మార్కులు వచ్చిన ఒక విద్యార్థినికి ఫలితాలలో సున్నా చూపించారు. మూల్యాంకనం తర్వాత ఓ.ఎం.ఆర్. పత్రంలో వృత్తాలు నింపడంలో జరిగిన పొరపాటు అది. రాష్ట్రమంతటా ఆందోళన చెలరేగి, ప్రభుత్వం విచారణ కమిటీని వేసింది. తప్పినట్లు చూపిన విద్యార్థులందరి జవాబు పత్రాలను ఉచితంగా పునఃపరిశీలించవలసి వచ్చింది. మనిషి పొరపాటును పూర్తిగా నివారించలేం. కాని మొదటి సంవత్సరంలో అదే సబ్జెక్టులో మంచి మార్కులు తెచ్చుకున్నవారికి రెండో సంవత్సరం సున్నా వస్తే, ఆ ఫలితాన్ని విడుదలకు ముందే ఆపి మరొకసారి చూడమని హెచ్చరించే నియమాన్ని వ్యవస్థలో పెట్టవచ్చు. రెండు సంవత్సరాల రికార్డూ ఒకే చోట ఉంటేనే ఇది సాధ్యం.

హెచ్చరికతో పాటు దిద్దుబాటుకు దారి కూడా ఉండాలి. ఏ వివరాన్ని, ఎవరు, ఎప్పుడు, దేని ఆధారంగా మార్చారన్నది చెరిగిపోకుండా నమోదు కావాలి. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం తన సమాచారాన్ని సరిదిద్దమని కోరే హక్కును వ్యక్తికి ఇచ్చింది. అదే విధంగా అన్ని వివరాలూ ఒకే చోట ఉన్నాయని అందరికీ అన్నీ చూపించనక్కరలేదు. అధ్యయన కేంద్రానికి విద్యార్థి పేరు, ఫోను నంబరు, సబ్జెక్టులు చాలు. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా అక్కడ కనిపించవలసిన అవసరం లేదు. స్మార్ట్‌ఫోను లేని విద్యార్థికి, ఓ.టి.పి. వచ్చే నంబరు మారిపోయిన విద్యార్థికి కౌంటరు దగ్గర ఒక మనిషి ఉండి తీరాలి. ఆ మనిషికి రికార్డు చూసే వీలుతో పాటు, సరిచేయడానికి పంపే అధికారం కూడా ఉండాలి. "సిస్టమ్‌లో అలా ఉంది" అన్న జవాబుతో విద్యార్థిని వెనక్కు పంపే కౌంటరు ఉన్నా లేనట్లే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కంప్యూటరీకరణకూ సమీకరణకూ ఉన్న తేడాను మీ అధ్యయన కేంద్రంలో మీరు గమనించిన ఒక ఉదాహరణతో వివరించండి.
2. 'నమోదైన విద్యార్థి' అన్న మాటకు దూరవిద్యా సంస్థకు సరిపోయే నిర్వచనం రాయండి. మీ నిర్వచనం ఎవరిని వదిలివేస్తుందో కూడా చెప్పండి.
3. కేంబ్రిడ్జ్ అనుభవంలో సాఫ్ట్‌వేరుకు సంబంధించిన లోపాలేవి, నిర్వహణకు సంబంధించిన లోపాలేవి?
4. విద్యార్థి ఫోను నంబరు, మార్కులు, ఫీజు వివరాలు, ఆదాయ ధ్రువపత్రం: వీటిలో దేనిని ఎవరు చూడవచ్చు, ఎవరు మార్చవచ్చు? కారణాలతో రాయండి.